నాలుగు వేళ్ల సందు

జయశీలమ్మ కుప్పం కోర్టుకు చేరలేదు.

ఉదయం ఏడున్నరకు మదనపల్లెలో కారెక్కింది. పదకొండుకు బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. మధ్యాహ్నం మూడు దాటింది. జాడ లేదు. ఫోన్ స్విచాఫ్.

పుంగనూరు స్టేషన్లో ఎస్సై యమున ఎదుట ఆమె కూతురు హెలెన్ నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. గుప్పిట్లో ఇన్‌హేలర్ ఉంది.

"దీన్ని ఇంట్లోనే మర్చిపోయింది మేడమ్. మా అమ్మకు ఉబ్బసం. గాలాడని చోట ఉంటే తట్టుకోలేదు."

"ఎవరి కార్లో బయల్దేరింది?"

"భానన్న కార్లో. మా పక్కింటి భానుప్రకాశ్."

యమున ఉలిక్కిపడింది. జయశీలమ్మ సాక్ష్యం చెప్పాల్సింది, స్కూటర్ మీద పోతున్న మనిషిని గుద్ది చంపి, బండి ఆపకుండా పారిపోయిన కేసులో. ముద్దాయి కిషోర్. ఆ కిషోర్‌కు ఈ భానుప్రకాశ్ సొంత అన్న. స్టీరింగ్ ముందు కిషోర్‌ను కళ్లారా చూసిన మనిషి జయశీలమ్మ ఒక్కతే.

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది కదమ్మా!"

"మా అమ్మ నర్సు మేడమ్. ఆ అన్నదమ్ములిద్దరూ ఆమె చేతుల్లో పుట్టినోళ్లే. 'తమ్ముడైతే ఏమి, నిజం చెప్పు, నేనే తీసకపోతా' అన్నాడు భానన్న. నమ్మినాం."

యమున ఆమెను లోపలే ఉండమని చెప్పి బయటికొచ్చింది.

భానుప్రకాశ్ ఆవరణలో తన పాత తెల్ల కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఎడమ చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఆమె యాడ దిగింది?"

"పుంగనూరు దాటినాక మేడమ్. ఎనిమిదిన్నరకు. వెనక ఎడంపక్క షాక్ అబ్జార్బర్ పట్టేసింది. కారు ఎగిరెగిరి పడతాంటే, బస్సులో పోతానని దిగిపాయ."

"నువ్వేం చేసినావు?"

"షాక్ విప్పుదామని జాకీ ఎత్తినా. బోల్టు తుప్పు పట్టిండాది. చక్రానికీ మడ్‌గార్డుకీ నడుమ చెయ్యి పెట్టినా. జాకీ జారె. బాడీ వచ్చి చేతి మీద పడె. మధ్యానం దాకా ఆడనే ఇరుక్కోని అరస్తా ఉండా."

"చూసినోళ్లు?"

"ఆ సిద్దమ్మ."

సిద్దమ్మ రోడ్డు పక్క మేకలు కాసుకునే మనిషి. ఆమెనూ స్టేషన్‌కు పిలిపించారు.

"సూసినానమ్మా. పన్నెండు దాటింటాది. చెయ్యి లోపల, మనిషి బయట. అయ్యో దేవుడా అని మగోళ్లను పిల్చకొస్తి. వాళ్లు జాకీ ఎత్తినారు, ఈయప్ప చెయ్యి తీసుకున్నాడు."

సిద్దమ్మ అబద్ధమాడే రకం కాదు. ఆ సంగతి ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ వేళంతా అతను రోడ్డు మీదే ఉన్నాడనే అలిబీ గోడలా అడ్డం నిలబడింది. కుప్పం బస్సుల కండక్టర్లందరినీ అడిగారు. జయశీలమ్మను చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆమె ఎక్కడో గాలాడక కొట్టుకుంటుంటే తానిక్కడ ప్రశ్నలు వేస్తూ కూర్చుంది. యమునకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆ కారును రోడ్డు మీది నుంచి స్టేషన్ దాకా నడుపుకొచ్చింది హెడ్ కానిస్టేబుల్ గంగులప్ప. నడుం పట్టుకుని మూలుగుతున్నాడు.

"నా ఎముకలన్నీ లెక్కకొచ్చినాయి మేడమ్! ఇది కారా, రోకలా? ఎడంపక్క నా అంతటోడు ఎక్కి కూకున్నా రవ్వంత దిగదు."

యమున నవ్వబోయి ఆగింది.

"ఏమంటివి? ఎక్కి కూర్చో చూద్దాం."

గంగులప్ప డిక్కీ మీద కుడివైపు కూర్చున్నాడు. కారు కిందికి దిగింది. ఎడమవైపు జరిగాడు. అది కదల్లేదు.

నాలుగు గంటల పది నిమిషాలు. యమున అందరినీ కారు దగ్గరికి పిలిచింది. హెలెన్ కూడా వచ్చింది.

"గంగులప్పా, జాకీ ఎత్తు."

బాడీ లేచింది. యమున ఎడమ చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య తన చెయ్యి దూర్చింది.

"ఇప్పుడు దించు."

"మేడమ్! చెయ్యి ఉండాది!"

"దించమంటున్నా."

సిద్దమ్మ కళ్లు మూసుకుంది. హెలెన్ కెవ్వుమంది. గంగులప్ప జాకీ దించాడు. కారు నేలకు ఆనింది. యమున వేళ్లు ఆడించి, చెయ్యి మెల్లగా బయటికి తీసింది. గీత కూడా పడలేదు.

"భానుప్రకాశ్, అందరూ బెదిరినారు. నువ్వు బెదరలేదు. ఎందుకంటే ఇది దిగదని నీకు తెలుసు. షాక్ బాగుంటే జాకీ ఎత్తినప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. దించితే బాడీ దాని మీదికి వస్తుంది. ఈ షాక్ బిగుసుకుపోయింది. చక్రం కూడా బాడీతోనే లేచింది. ఎత్తినా దించినా ఈ సందు నాలుగు వేళ్లే. ఇందులో చెయ్యి నలగదు. సిద్దమ్మ చూసింది నిజమే. ఆమె వస్తోందని చూసి నువ్వే చెయ్యి పెట్టినావు. ఇప్పుడు ఆ తువ్వాలు విప్పు."

అతను విప్పలేదు. గంగులప్ప విప్పాడు. అరచేతి అంచున పంటి గాట్లు, పైన ఒక వరస, కింద ఒక వరస.

"ఈ గాయం దాచేదానికే ఆ కథ అల్లినావు. నోరు మూయబోతే కరిచిందా? ఆమె యాడుంది?"

భానుప్రకాశ్ గేటు వైపు చూశాడు. అక్కడ సెంట్రీ. చెబితే తమ్ముడితోపాటు తానూ జైలుకే.

"లాయర్ రావాల" అన్నాడు.

హెలెన్ ముందుకొచ్చి గుప్పిట తెరిచింది.

"ఇంట్లోనే మర్చిపోయింది అన్నా."

అతని ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. "అది... ఆమె సంచిలో లేదా?"

"లేదన్నా."

భానుప్రకాశ్ హెలెన్ కాళ్ల దగ్గర వంగాడు. "రామసముద్రం దగ్గర. మా మామోళ్ల పట్టుపురుగుల షెడ్డు. సాక్ష్యం పోతే సాలనుకుంటి. సంపాలని కాదమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా, బిన్నా, తొందరగా పదండి!"

జీపు ఎలా పోయిందో గంగులప్పకే తెలియాలి. షెడ్డు కిటికీలన్నిటికీ పట్టలు కట్టి ఉన్నాయి. లోపల పురుగులకు తెగులు రాకుండా చల్లిన సున్నం, బ్లీచింగ్ పౌడర్ ఘాటు. తాళం పగలగొట్టారు. తలుపు పక్కనే జయశీలమ్మ పడి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. హెలెన్ తల్లిని ఒళ్లోకి లాక్కుని ఇన్‌హేలర్ నోట్లో పెట్టింది. ఒకసారి. ఇంకోసారి. ఆమె ఛాతీ ఎగిసింది. గంగులప్ప గట్టిగా "బతికింది!" అని అరిచాడు.

బేడీలతో భానుప్రకాశ్ ఏడుస్తూ మోకాళ్ల మీద పడ్డాడు.

"జయశీలమ్మా, నన్ను ఏమన్నా చెయ్యి. కిషోర్‌గాణ్ణి మాత్రం..."

ఆమె ఊపిరి కూడదీసుకుని మాట్లాడింది.

"నువ్వు పుట్టినప్పుడు ఊపిరి రాలేదురా భానూ. నోట్లో నోరు పెట్టి ఊదినా." ఆగి, మళ్లీ గాలి పీల్చుకుంది. "రేపు కోర్టుకొస్తా. వాని సంగతి చెప్తా. నీ సంగతి గూడా చెప్తా."

కూతురి భుజం పట్టుకుని జీపు దాకా తానే నడిచింది. ఎక్కి కూర్చున్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తన చేతుల్లో పుట్టిన ఆ ఇద్దరి కోసం వెక్కివెక్కి ఏడ్చింది.