ఆరడుగుల పొడినేల

అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

దివిసీమ మీద కారుమేఘాలు కమ్మి, పగలే చీకటి పడింది. సముద్రం మీద ఉరుములు దద్దరిల్లుతున్నాయి. కరకట్ట పక్కనున్న తాటిమోడులో గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది! పట్టపగలు గుడ్లగూబ కూస్తే ఎవరికో మూడిందంటారు.

పాడుబడ్డ రొయ్యల చెరువు గట్టు మీద మోటారు గది. అందులో రక్తవర్ణపు ముగ్గు... ముగ్గు మధ్య పుర్రె! గుడివాడ నుంచి వచ్చిన క్షుద్రోపాసకుడు పిచ్చేశ్వరరావు నిప్పుల్లో సాంబ్రాణి చల్లుతున్నాడు. ఎదురుగా జుట్టు విరబోసుకుని రూతు. ఆమె దగ్గినప్పుడల్లా నోట్లోంచి నల్లటి పొడి రాలుతోంది. గుమ్మంలో ఆమె భర్త ఎలీషా చేతులు జోడించి నిలబడ్డాడు. చర్చిలో తప్ప జోడించి ఎరగని చేతులవి. ఇక్కడ జోడించినందుకు అతనికి సిగ్గుగానే ఉంది. కానీ రూతు బతకాలి!

ఎలీషా ఉత్తరాన బొగ్గుగనిలో తవ్వే యంత్రం నడిపేవాడు. ఊళ్ళు ఖాళీ చేయించి, అడవినీ వాగునీ ఒలిచేసి బొగ్గు తీసే గని అది. మొన్న ఎండాకాలం యంత్రం ఓ ఊరి శ్మశానంలోకి దిగింది. మట్టితో పాటు ఎముకలు లేచాయి. ఎలీషా యంత్రం ఆపితే సూపర్‌వైజరు కసిరాడు. "అదంతా మట్టేనయ్యా, డంపర్లో పొయ్యి!" అన్నాడు. పోశాడు. ప్రాణం ఒప్పక ఒక్క పుర్రెను మాత్రం తువ్వాల్లో చుట్టి, సొంతూళ్ళో మట్టి చేద్దామని తెచ్చాడు. మంచికి పోతే చెడ్డ ఎదురైంది. ఇల్లు చేరిన రాత్రి తెల్లారేలోపే రూతుకు దయ్యం పట్టింది.

"పుర్రెను పూడ్చావంటే దాంతోపాటే నీ భార్య కూడా పోతుంది" అని బెదిరించాడు పిచ్చేశ్వరరావు. దిక్కులేని పుర్రె కోసం అతను ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉన్నాడు మరి!

"ఎవరే నువ్వు? చెప్పు!" వేపమండ ఛెళ్ళుమంది.

రూతు వికటంగా నవ్వింది. "ఎవరంటావేంరా... ఎంతమందో అడుగు!"

ఆ ఒక్క గొంతులో ముసలివాళ్ళు మూలిగారు... బాలింతలు ఏడ్చారు... పసికందు కేరుమంది!

"మా చోట మేం పడుకున్నాం. లేపేశారు. ఆరడుగుల పొడినేల చూపించండి, పోతాం."

"మీ చోటేదే? అదిప్పుడు పాతాళమంత గొయ్యి! ఇక నాకు ఊడిగం చెయ్యండి!" అంటూ మాంత్రికుడు వేలు కోసుకుని పుర్రె మీద నెత్తురు చిందించాడు.

అంతే! ఫెళఫెళమంటూ పిడుగు... పుర్రె కళ్ళలోంచి నల్లటి ధూళి ఎగదన్నింది! అతను మంత్రం అందుకున్నాడు. బీజాక్షరానికో దగ్గు... దగ్గుకో పిడికెడు బొగ్గుపొడి! గొంతు పట్టుకుని గిలగిల్లాడి, పెనుకేక పెట్టి కూలిపోయాడు. ఎలీషా పట్టి లేవదీయబోతే మాంత్రికుడి చెయ్యి బొగ్గుపెళ్ళలా విరిగింది.

"అమ్మా... నేను మట్టి చేస్తానమ్మా. రూతును వదిలెయ్యమ్మా!"

"చేస్తావా, నాయనా?" ఎంత ఆశగా అడిగిందో ఆ గొంతు!

గట్టు మీద తవ్వాడు. మోకాలి లోతు దిగకముందే ఉప్పునీళ్ళు ఊరాయి. పుర్రెనీ, రూతునీ మోసుకుని చర్చి వెనక సమాధుల దొడ్డికి పరిగెత్తాడు. అక్కడా అంతే! సొంత తల్లిని కూడా ఇక్కడే, నీళ్ళు తోడిపోస్తూ దించారు. ఆ సంగతి అతనికి తెలియకేం? అయినా మట్టి కప్పాడు. పుర్రె బుడుంగున పైకి తేలింది.

వాన మొదలైంది.

"ఏమండీ..." రూతు సొంత గొంతు! "ఊపిరాడట్లేదండీ..."

"రూతూ!" అంటూ దగ్గరికి తీసుకున్నాడు. ఆమె కళ్ళు మళ్ళీ నల్లబడ్డాయి. కోపం లేదు ఆ చూపులో. చలికి వణుకుతున్న ముసలి గొంతు మాత్రం పలికింది.

"తడిగా ఉంది, నాయనా... ఇంకోచోట తవ్వు."

ఎలీషా చుట్టూ చూశాడు. కనుచూపు మేరా నీళ్ళే. పార ఎత్తాడు.