రొట్టెముక్కతో చెరిపిన ఊరు

నేను గీస్తున్న హాల్‌స్టన్ మేడ బొమ్మ చక్కగానే వచ్చింది. తెల్లరాతి స్తంభాలు, పాతకాలపు రోము గుడికి మల్లే. చిక్కల్లా మేడ ఎదుటి ఊరితోనే.

"ఆ గుడిసెలు కంట్లో నలుసుల్లా ఉన్నాయి, పెల్. తీసెయ్. అక్కడంతా పచ్చిక పరిచెయ్," అన్నారు ఆ మేడ దొర సర్ ఆంబ్రోస్, కుక్క చెవి గోకుతూ.

"ఊళ్ళో మనుషులున్నారండీ దొరగారూ."

"ముందు బొమ్మలో పోనీవయ్యా. నేల మీద తర్వాత చూద్దాం!"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. కడుపు కోసం నవ్వే నవ్వు, ఛీ!

బొమ్మలు గీసే మా పనిలో పెన్సిలు గీత చెరపాలంటే రొట్టె లోపలి మెత్తదనాన్ని ముద్ద చేసి రుద్దుతాం. నేను బస చేసింది ఆ ఊళ్ళోనే, డోర్కస్ అవ్వ ఇంట్లో. రొట్టె ఆవిడ కాల్చిందే. దాంతోనే పక్కింటి కమ్మరి కాబ్ ఇల్లు చెరిపాను. సాయంత్రం బసకు వెళ్తే సమ్మెట చప్పుడు లేదు.

"అవ్వా, కాబ్ పని ఆపేశాడేం?"

"ఏ కాబ్ నాయనా?"

"వేళాకోళమా? నీ పక్కింటివాడు!"

"పక్కన ఇల్లెక్కడిది? ఎప్పుడూ గడ్డేగా."

కిటికీ తెరిచాను. మంచులో నున్నటి పచ్చిక. కాలిన ఇనుము వాసన మాత్రం ఇంకా వస్తోంది.

మర్నాడు మేడలో బొమ్మ ముందు నేను రొట్టె ముట్టలేదు. దొరగారే నా ముక్కాలిపీట మీద కూచుని రుద్దడం మొదలుపెట్టారు. ఒక్కో ఇల్లూ చెరుగుతుంటే, బయట పొగమంచులో ఒక్కో చప్పుడూ ఆగిపోయింది. కోళ్ళ అరుపులు... బావి గిలక... ఎవరిదో పసిబిడ్డ ఏడుపు, సగంలో.

ఇక డోర్కస్ అవ్వ ఇల్లొక్కటే మిగిలింది.

"మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఒక్కటీ వదిలెయ్యండి!"

"ఇల్లు కుదరదు. కావాలంటే బొమ్మలో ముసలిదాన్ని మేడ ముందు నిలబెట్టుకో. మేడ ఎంత ఎత్తో తెలుస్తుంది."

గబగబా కలం సిరాలో ముంచాను. సిరా అయితే రొట్టెకు చెరగదు. టోపీ, శాలువా, వంగిన నడుము... గీసేశాను. ఆయన ఇల్లు చెరిపేశారు. నేను కాగితం చుట్టుకుని పరిగెత్తాను.

ఇల్లు లేదు. కానీ నేను గీసిన చోటే, మేడ ముందు పచ్చికలో, అవ్వ అటు తిరిగి నిలబడి ఉంది. బతికే ఉంది! ఆనందంతో ఏడుపొచ్చేసింది నాకు.

"నాయనా, నువ్వేనా? ఇంత చీకటేమిటి?"

"ఇంకా పొద్దుందవ్వా. ఇటు తిరుగు."

తిరిగింది.

మా పనిలో దొరలకూ దొరసానులకూ కళ్ళూ ముక్కూ దిద్దుతాం. కూలీనాలీ వాళ్ళకు దిద్దం. తల గుండ్రంగా చుట్టి వదిలేస్తాం. అలవాటు పడ్డ చెయ్యి... అయ్యో, నా చేతులు పడిపోనూ!

టోపీ కింద అంతా నున్నగా ఉంది.

"నాయనా..."

నోరు లేదు. ఆ పిలుపు నా చంకలోని కాగితం చుట్టలోంచి వచ్చింది.

కళ్ళయినా దిద్దుదామని కాగితం విప్పాను. బొమ్మలో మేడ ఉంది. పచ్చిక ఉంది. అవ్వను గీసిన చోట ఎవరూ లేరు.

మేడ తలుపు నేను మూసి గీశాను. ఇప్పుడది బార్లా తెరిచి ఉంది. దొరగారు ఇంకా లోపలే ఉన్నారు.