చివరి ముడి

కొలమ్‌కు ఏడేళ్ల వయసు నుంచీ ఒక సందేహం ఉంది. తను చేపల గాలానికి ఈగ కట్టినప్పుడల్లా తాతయ్య "భలే కట్టావురా!" అంటాడు. ఈగ బాగుండి అంటున్నాడా, లేక తను మనవడు కాబట్టి అంటున్నాడా?

ఈ మాట తాతయ్యనే అడగడానికి ధైర్యం చాలలేదు. ఒక ఆదివారం చర్చిలో మోకరిల్లి దేవుణ్ణి అడిగాడు. సందేహం తీరలేదు.

ఇప్పుడు కొలమ్‌కు పదకొండేళ్లు. జూలై నెలాఖరు. బయట సన్నగా వాన. వంటింటి బల్లకు, గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే రెండు చిన్న వైస్‌లు బిగించి ఉన్నాయి. ఒకదాని ముందు కొలమ్, రెండోదాని ముందు పక్కింటి డర్వ్లా. మధ్యలో ఈకలు, కుందేలు బొచ్చు, ఆకుపచ్చ ఉన్ని.

వాళ్లు కడుతున్నది పీటర్ ఈగ. పీటర్ అనేది ఒక నీటి పురుగు. చిన్నప్పుడు సరస్సు అడుగున ఇసుక రేణువులు, పుల్లముక్కలు అంటించుకుని, దాంతో తన చుట్టూ ఇల్లు కట్టుకుంటుంది. వేసవిలో రెక్కలు రాగానే పైకి వచ్చి నీళ్ల మీద పరుగులు పెడుతుంది. దాన్ని చూస్తే ట్రౌట్ చేపలు ఆగలేవు. గాలానికి ఉన్ని, ఈకలు చుట్టి అచ్చం ఆ పురుగులా తయారు చేయడమే ఈగ కట్టడం.

కిటికీ దగ్గర కుర్చీలో బార్నీ తాతయ్య కూర్చున్నాడు. ఒకప్పుడు ఊళ్లో అందరికీ ఈగలు కట్టి ఇచ్చింది ఆయనే. ఇప్పుడు కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. నోటితో చెబుతాడు, పిల్లలు చేతులతో చేస్తారు.

"రెక్క ఇంటి కప్పులా వాలాలి పిల్లా. గొడుగులా విచ్చుకోకూడదు."

"ఇలాగా, బార్నీ తాతా?" డర్వ్లా వైస్‌ను అటు తిప్పింది.

తాతయ్య కళ్లద్దాలు ముక్కు మీదికి లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఓరి దేవుడా!" అన్నాడు మెల్లగా. "ఇది ఎగిరిపోతుందేమో, కిటికీ మూయండర్రా."

డర్వ్లా కిలకిలా నవ్వింది. కొలమ్ చుడుతున్న దారం ఆపేశాడు. తనకు తాతయ్య ఎప్పుడూ ఇలా చెప్పలేదు. "భలే కట్టావురా" అనడం వేరు. ఇది వేరు.

కొలమ్ తన ఈగ వైపు చూసుకున్నాడు. బాగానే ఉంది. కానీ ఎగిరిపోయేలా లేదు. నీటి అడుగున పురుగులన్నిటికీ దేవుడు ఒకేలాంటి పనితనం ఇచ్చాడు కదా. మనుషులకు ఎందుకు ఇవ్వలేదు?

"అయితే పైచోటు ఈ ఏడు డర్వ్లాదే," అన్నాడు తాతయ్య.

ప్రతి ఏడూ పీటర్లు లేచే మొదటి సాయంత్రం తాతయ్య పడవ తీస్తాడు. దారానికి మూడు ఈగలు ఉంటాయి. కింది రెండూ పాతవి. అన్నిటికంటే పైన, నీళ్ల మీద గెంతుతూ వచ్చే ఈగ మాత్రం ఆ ఏడు పిల్లలు కట్టింది. అదే పైచోటు. ఎవరి ఈగ అక్కడ ఉంటే వాళ్లు వల పట్టుకుంటారు. మొదటి చేప వాళ్ల ఇంటికే.

ఇన్నేళ్లూ పైచోటు కొలమ్‌దే. ఎందుకంటే ఈ ఏటి దాకా ఈగలు కట్టే పిల్లలు ఇంకెవరూ లేరు.

"మా అమ్మకు చెప్పి వస్తా! పెనం కడిగి ఉంచమంటా!" డర్వ్లా గుమ్మం దాకా పరుగెత్తి మళ్లీ వెనక్కి వచ్చింది. "ఒరేయ్ కొలమ్, చివరి ముడి నువ్వే వెయ్యాలి. నాకు రాదుగా. నేర్పిస్తానన్నావు, గుర్తుందా? మా బిషప్ ఈకలు నీకు ఇచ్చినప్పుడు?"

బిషప్ అంటే డర్వ్లా వాళ్ల ఎర్ర కోడిపుంజు. చర్చి పెద్దలా మెడ నిక్కించి నడుస్తుందని ఆ పేరు పెట్టింది.

"ఆ పేరు మార్చమన్నానా, పాపం తగులుతుంది," అన్నాడు తాతయ్య. "ఫాదర్ గారు వింటే ఏమనుకుంటారు?"

"విన్నారు తాతా. నడక చూసి, సరిపోయిందన్నారు."

డర్వ్లా వెళ్లిపోయింది.

నేర్పిస్తానన్న మాట రెండేళ్ల నాటిది. అప్పుడు కొలమ్ దగ్గర ఎర్ర ఈకలు అయిపోతే డర్వ్లా గుప్పెడు తెచ్చి ఇచ్చింది. బదులుగా చివరి ముడి నేర్పిస్తానన్నాడు. ఈగ మొత్తాన్నీ పట్టి ఉంచేది ఆ ముడే. అది మాటలతో చెబితే వచ్చేది కాదు. వేళ్ల పక్కన వేళ్లు పెట్టి చూపాలి. తాతయ్య వేళ్లు బాగున్న రోజుల్లో కొలమ్‌కు అలాగే చూపాడు. మొదట కొలమ్ మర్చిపోయి నేర్పలేదు. తర్వాత గుర్తుండీ నేర్పలేదు.

సాయంత్రం చర్చి గంట మోగింది. తాతయ్య టోపీ తీసి లేచి నిలబడ్డాడు. ఆ గంటకు రోజూ చెప్పే మరియమ్మ ప్రార్థన మొదలుపెట్టాడు. కొలమ్ కూడా లేచాడు. అతని చేతిలో డర్వ్లా ఈగ దారం ఉంది. చివరి ముడి వెయ్యబోతుంటే గంట మోగింది.

పెదాలు ప్రార్థన చెబుతున్నాయి. కళ్లు మాత్రం ఆ ఈగ మీదే ఉన్నాయి. ఎంత చక్కగా వాలింది ఆ రెక్క! చేపలన్నీ దీనికే వస్తాయి. వచ్చే ఏడూ ఆమె ఈగకే.

ప్రార్థన అయిపోయింది. తాతయ్య టీ పెట్టడానికి అటు తిరిగాడు.

కొలమ్ ఐదు చుట్లు వెయ్యాలి. ఒక్కటే వేశాడు. దారం కత్తిరించాడు. పైన వార్నిష్ చుక్క పెట్టాడు. ఈగ తల నల్లగా మెరిసింది. దాని కింద ఏముందో ఎవరికీ కనబడదు.

వాన వెలిసి, డర్వ్లా తిరిగి రాగానే ముగ్గురూ సరస్సు ఒడ్డుకు వెళ్లారు. తాతయ్య పడవ మీద తీర్థం చల్లి శిలువ గుర్తు వేసుకున్నాడు. లైఫ్ జాకెట్లు బిగించుకున్నారు. కొలమ్ తెడ్లు పట్టాడు. డర్వ్లా వల ఒళ్లో పెట్టుకుని మహారాణిలా కూర్చుంది.

"కొంచెం మెల్లగా వెయ్యరా, నా కిరీటం పడిపోతుంది," అంది.

కొలమ్ నవ్వలేదు.

సరస్సు నడిమికి వచ్చేసరికి పీటర్లు లేచాయి. నీళ్ల మీద చిన్న చిన్న గీతలు గీస్తూ పరుగెత్తుతున్నాయి. చేపలు బుళుక్కుమంటూ పైకి వస్తున్నాయి. తాతయ్య గాలం విసిరి పైచోటు ఈగను నీళ్ల మీద గెంతించాడు.

వెంటనే ఒక చేప లాగింది! డర్వ్లా లేవబోయింది.

"కూర్చో పిల్లా, పడవ తిరగబడుతుంది! ఇది చిన్నది. వదిలేద్దాం, పెరగనీ."

చేపను నీళ్లలోకి వదిలి మళ్లీ విసిరాడు. ఈసారి పడవకు దగ్గరగా ఒక పెద్ద ట్రౌట్ లేచింది. దాని వీపు పచ్చగా మెరిసింది. ఈగ వెనకే వచ్చింది. చూసింది. గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. ఇంకొకటి వచ్చింది. అదీ అంతే.

"ఏమైంది దీనికి?" తాతయ్య దారం దగ్గరకు లాగాడు.

పైచోట్లో ఈగ లేదు. ఒట్టి గాలానికి ఆకుపచ్చ ఉన్ని వేలాడుతోంది. రెక్క ఊడిపోయింది. దారం నీళ్లు కారుతూ గాలికి ఊగుతోంది.

డర్వ్లా మొహం మాడిపోయింది. "నేను గట్టిగా చుట్టలేదు తాతా. నాదే తప్పు."

తాతయ్య గాలాన్ని బొటనవేలితో తడిమాడు. "కొలమ్ ముడి ఎప్పుడూ ఊడదే," అన్నాడు తనలో తాను.

కొలమ్ తెడ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. చెవులు కాలిపోతున్నాయి.

"వెలుగు పోకముందే నీది దారానికి తగిలించు కొలమ్," అన్నాడు తాతయ్య.

కొలమ్ తన ఈగ తగిలించాడు. మూడో విసురుకే గాలం కర్ర విల్లులా వంగింది. చేప పడవ కిందికి దూరింది. మళ్లీ పైకి వచ్చింది. పైచోటు మారింది కాబట్టి వల కొలమ్ పట్టుకోవాలి. కానీ తెడ్లు వదిలితే పడవ రాళ్ల మీదికి పోతుంది. డర్వ్లానే రెండు చేతులతో వల ముంచి చేపను పైకెత్తింది. ఒళ్లంతా తడిసింది.

"అబ్బో, ఎంత ఉందో చూడరా!" అంది. "నీ ఈగ ఒక్క పోగు కూడా కదల్లేదు. భలే కట్టావు కొలమ్."

ఆ మాటకు కొలమ్‌కు నీళ్లలోకి దూకేయాలనిపించింది.

ఆ రాత్రి అమ్మ చేపను వెన్నలో వేయించింది. కొత్త బంగాళాదుంపలు ఉడికించింది. తాతయ్య భోజనం ముందు ప్రార్థన చేశాడు. పక్కింట్లో డర్వ్లా వాళ్లమ్మ కడిగి పెట్టిన పెనం కొలమ్ కళ్లలో మెదిలింది. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"తాతయ్యా, ఒకటి అడగనా?"

"అడుగు."

"నా ఈగలు నిజంగా బాగుంటాయా? మనవణ్ణని అంటావా?"

తాతయ్య ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు.

"బాగుంటాయి. డర్వ్లావి ఇంకా బాగుంటాయి. నా మనవడివి కాకపోయినా ఈ రెండు మాటలే చెప్పేవాణ్ణి. కానీ నీ ముడి లాంటి ముడి ఈ సరస్సు చుట్టూ లేదురా. అందుకే ఇవాళ అది ఊడటం నాకు అర్థం కాలేదు."

ఆయన కళ్లు కొలమ్ మీదే ఉన్నాయి. కోపం లేదు. ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి.

కొలమ్ తల దించుకున్నాడు. "నాకు అర్థమైంది తాతయ్యా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వైస్, దారం రీలు, వార్నిష్ సీసా సంచిలో వేసుకుని పక్కింటికి వెళ్లాడు. డర్వ్లా కోళ్లకు గింజలు వేస్తోంది. గోడ మీద ఆమె ఈకల డబ్బా ఉంది.

"మంచిదైంది, నువ్వే వచ్చావు," అంది. "ఇది తీసుకుపో. నా చేతులకు ఈ పని రాదు. నాకిక వద్దు."

"ఊడింది నీ చుట్టు కాదు," అన్నాడు కొలమ్. "నా ముడి. ఐదు చుట్లకు ఒక్కటే వేశాను. కావాలనే వేశాను. నీ ఈగ నా ఈగ కంటే బాగుందని."

డర్వ్లా గింజల గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత గిన్నెలో ఉన్నవన్నీ కొలమ్ మీద కుమ్మరించింది.

"రాత్రంతా ఏడ్చాను తెలుసా! బుద్ధుందా నీకు?"

"లేదు."

జుట్టులో గింజలు. కోళ్లన్నీ కొలమ్ కాళ్ల చుట్టూ మూగాయి. బిషప్ అతని బూటు మీదికెక్కి లేసు పొడవడం మొదలుపెట్టింది. డర్వ్లా నవ్వకూడదని చాలా ప్రయత్నించింది. ఆగలేకపోయింది.

"కదలకు. బిషప్ గారు దీవిస్తున్నారు," అంది.

ఆ గోడకే వైస్ బిగించారు. డర్వ్లా చివరి ముడి దాకా కొత్త ఈగ చుట్టింది. కొలమ్ ఆమె వేళ్ల పక్కన తన వేళ్లు పెట్టాడు.

"దారం ఇలా వెనక్కి మడువు. ఆ మడత కింద నుంచి చుట్టు. వదలకు, వదిలితే అంతా పోతుంది. ఇప్పుడు రెండోది."

మొదటిసారి జారిపోయింది. రెండోసారి చిక్కుపడింది. "ఎద్దులా లాగకు," అన్నాడు. "నువ్వు నోరు ముయ్," అంది. ఇంకోసారి మొదలుపెట్టారు.

ఈసారి ఐదు చుట్లూ పక్కపక్కనే ఒద్దికగా కూర్చున్నాయి. డర్వ్లా మెల్లగా బిగించింది. దారం కత్తిరించింది. కొలమ్ సంచిలోంచి వార్నిష్ సీసా తీయబోయాడు.

"ఆగు, ముందు చూద్దాం," అంటూ ఆమె ఈగ రెక్క పట్టుకుని గట్టిగా గుంజింది.

వైస్ ఊగింది. ముడి కదల్లేదు.

డర్వ్లా ఈగను అరచేతిలో పెట్టుకుని ఎండకు తిప్పి చూసింది. ఆ తర్వాత వంగి, బిషప్ కాళ్ల దగ్గర రాలి ఉన్న ఎర్ర ఈక ఒకటి ఏరి కొలమ్ చేతిలో పెట్టింది.

"ఇది ఊరికే," అంది. "దీనికి బదులు ఏమీ వద్దు. సాయంత్రం పడవలో తెడ్లు మాత్రం నువ్వే వెయ్యాలి."