సీరియల్ చూసి వచ్చిన స్పానిష్

స్పానిష్ కోసం నేను హైదరాబాద్‌లో రెండేళ్లు హాస్టల్ సాంబారు తాగాను. క్రియాపదాల పట్టికలు బట్టీపట్టి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొచ్చాను. మా నాన్న గంగాధరరావు గారు దాన్ని ఉక్కునగరంలో మా సెక్టార్ మొత్తానికీ చూపించారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముప్ఫై ఏళ్లు షిఫ్టులు చేసిన మనిషి. ఆయన సంతోషాన్ని నేను వెక్కిరించను. మిగతా ప్రపంచాన్ని మాత్రం తీరిగ్గా వెక్కిరిస్తాను.

అందులో మొదటి వరస అనూరాధది.

ఫిషింగ్ హార్బర్ పక్కన ఒక సీఫుడ్ ఎక్స్‌పోర్ట్ కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. వాళ్ల స్క్విడ్ స్పెయిన్‌కి వెళుతుంది. అక్కడివాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం నా పని, ఆరు నెలలు ప్రొబేషన్. మొదటి రోజే మేనేజర్ ఎల్లారావు గారు ఒక అమ్మాయిని పిలిపించారు. తెల్లకోటు, తలమీద వల టోపీ, కాళ్లకి మోకాళ్ల దాకా గమ్‌బూట్లు.

"దేవీప్రసాద్, ఈ పిల్ల అనూరాధ. క్వాలిటీ ల్యాబ్‌లో సేత్తంది. నువ్వు రాకముందు స్పెయిన్ ఫోన్లు ఈవిడే మాటాడేది."

"ఎక్కడ చదివారు?" అన్నాను.

"ఇంట్లో. టీవీలో స్పానిష్ సీరియల్ సూసి."

నవ్వొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"సీరియల్ చూస్తే భాష వచ్చేస్తుందా? అలా అయితే క్రికెట్ చూసేవాళ్లంతా సెంచరీలు కొట్టాలి."

"మీరు నేర్చుకునే వొచ్చారు కదా," అంది చల్లగా. "ఒక్క ఫోర్ కొట్టండి, సూద్దాం."

నేను గొంతు సవరించుకుని, వాతావరణం ఎంత ఆహ్లాదంగా ఉందో స్పానిష్‌లో చెప్పాను. ఒక్క తప్పు లేదు. ఆవిడ ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కళ్లు పెద్దవి చేసి, కొడుకుని ఇంట్లోంచి గెంటేస్తున్న జమీందారిణిలా జవాబు చెప్పింది. దాని అర్థం సుమారుగా: "ఇంత ఉక్కలో ఆహ్లాదమా? దేవుడు నిన్ను క్షమించుగాక!"

ఎల్లారావు గారు చప్పట్లు కొట్టారు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అది వేరే సంగతి.

తర్వాత తెలిసింది, ఆవిడ స్పానిష్ అంతా అదే బాపతు. 'ఈ గడప తొక్కావంటే నీ అంతు చూస్తా', 'ఆ బిడ్డ తండ్రెవరో నాకు తెలుసు', 'నీకు చిల్లిగవ్వ రాదు' లాంటివి గడగడా చెప్పేస్తుంది. పెట్టె, ఐసు, బరువు లాంటి మాటలు కంపెనీ లేబుళ్ల మీంచి ఏరుకుంది. ఆ రెండూ కలిపి మాట్లాడితే, స్క్విడ్ పెట్టెకి కూడా ఏదో కుటుంబ రహస్యం ఉన్నట్టుండేది.

"అసలు ఎలా నేర్చుకున్నారు?" అని ఒకరోజు క్యాంటీన్‌లో అడిగాను. వెక్కిరించడానికే అడిగాను. ఆవిడ టిఫిన్‌కి వచ్చే టైముకే నేనూ రావడం మాత్రం యాదృచ్ఛికం అని అప్పట్లో నా నమ్మకం.

"మాయమ్మకి సదువు రాదు. హార్బర్లో సేపలు అమ్ముద్ది. సీరియల్ కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి కదా, అవి నాను తెలుగులో సెప్పాల. ఒక్క మాట లేటైతే కాలితో తన్నుద్ది, 'ఏటంటందే ఆ రాకాసి, సెప్పవేటి' అని. సదివీలోగా అక్షరాలు ఎల్లిపోతన్నాయి. అందుకని సదవడం ఒగ్గీసి, వినడం మొదలెట్టాను. నూటెనభై ఎపిసోడ్లు."

"అంటే మీ యూనివర్సిటీ మీ అమ్మగారి కాలు."

"మీ యూనివర్సిటీలో అది లేకే మీరిలాగున్నారు," అంది, ఇడ్లీ తుంచుకుంటూ.

ప్రేమకథల్లో ఇలాంటి చోట వాన పడుతుందట. మార్చి నెలలో విశాఖలో పడేది చెమటే. అయినా ఆ ఇడ్లీ వైపు, ఆ చేతివైపు నేను అవసరమైన దానికంటే ఎక్కువసేపు చూశాను. ఛ, ఏమిటీ ఖర్మ అనుకున్నాను.

ఆ వారమే పెద్ద కాల్. అటువైపు లుసీయా గారు, మా సరుకంతా కొనే ఆవిడ. కాల్ రిజిస్టర్‌లో మా ఇద్దరి పేర్లూ రాసి కూర్చున్నాం. ఫోన్ కలవగానే అనూరాధ "అయ్యో నా ప్రాణమా, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది!" అని మొదలెట్టింది. అటువైపు ఆవిడ కిలకిలా నవ్వింది.

నేను మ్యూట్ నొక్కాను. "ఇది ప్రొఫెషనల్ కాల్. మీరు దయచేసి ల్యాబ్‌కి వెళ్లండి."

ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.

అప్పుడు మొదలయ్యాయి నా పాట్లు. మా హైదరాబాద్ మాస్టారు ఒక్కో మాటా కంచంలో వడ్డించినట్టు పలికేవారు. ఈవిడ సగం మాటలు మింగేస్తోంది, మిగతా సగం ఆమె వెనక తిరుగుతున్న మెషీన్ మింగేస్తోంది. నాకు దొరికినవి రెండే: ఏప్రిల్, పడవలు. మళ్లీ చెప్పమని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగడానికి సిగ్గేసింది. సర్టిఫికెట్ ఉన్నవాడు ఎన్నిసార్లు అడుగుతాడు? "సీ" అన్నాను. అవును అని అర్థం. అలా నాలుగుసార్లు "సీ" అని ఫోన్ పెట్టేసి, కాల్ బాగా జరిగిందని రాశాను.

ఏప్రిల్ ఇరవై ఒకటిన మెయిల్ వచ్చింది. 'ముంబై చేరాను. మీరు ఒప్పుకున్నట్టే రేపు మీ హార్బర్‌లో బోట్ల నుంచి స్క్విడ్ దిగడం, వేలం, అన్నీ చూస్తాను. లుసీయా.'

ఎల్లారావు గారి కేక ఐసు ప్లాంటు దాకా వినిపించింది.

"వేట నిషేదంలో బోట్లు సూపిత్తామని ఎవడొప్పుకున్నాడు!"

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. హార్బర్‌లో పసిపిల్లని అడిగినా చెబుతుంది. ఉక్కునగరంలో పెరిగిన నాకు చేపంటే ఆదివారం నాన్న సంచిలో వచ్చేది. అంతకుమించి నేనెన్నడూ ఆలోచించలేదు.

నేను నోరు విప్పేలోగా ఆయనే రిజిస్టర్ తిరగేసి, తీర్పు కూడా ఆయనే చెప్పేశారు.

"సీరియల్ సూసి నేర్సుకున్న పిల్లని కాల్‌లో కూకోబెట్టడం నాదే బుద్ధి తక్కువ. రేపు ఆ లుసీయా గారి ఎదటికి అనూరాధ రాకూడదు. ఆవిడ ఎల్లాక, ఈ పిల్లని ఇంటికి పంపించీద్దాం."

హార్బర్‌లో పుట్టిన పిల్ల వేట నిషేధం మర్చిపోయి ఒప్పుకుంటుందా అని ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది. తట్టినా నోరు మూసుకున్నాను. లోకాన్నంతా వెక్కిరించే ఈ నోరు, ఆ ఒక్క నిమిషం బుద్ధిగా ఉండిపోయింది.

మధ్యాహ్నం అనూరాధ నన్ను ఐసు ప్లాంటు మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఆ రోజు కాల్‌లో నానున్నానా?"

"లేరు."

"మరేటి?"

"మీరే సార్‌తో చెప్పొచ్చు కదా..."

"నాను సెప్తే, తప్పించుకోడానికి సెప్తందంటారు. నాకు సర్టిఫికెట్ లేదు కదా. ఈ ఉజ్జోగం పోతే మాయమ్మ తట్ట నానెత్తుకోవాల. తట్టెత్తుకోడం నాకు సిగ్గు కాదు. నువ్వు సేసిన ఎదవ పనికి ఎత్తుకోడం సిగ్గు."

మీరు నుంచి నువ్వుకి దిగింది. ప్రేమకథల్లో దాన్ని దగ్గరవడం అంటారు. నాకు మాత్రం చీపురు తిరగేసినట్టుంది.

"భయమేసింది," అన్నాను.

"నాకేత్తంది భయం. నీకేసింది సిగ్గు. రెండూ ఒకటి కాదు. బతిమాలతాననుకున్నావేమో, బతిమాలను." గమ్‌బూట్లు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది.

ఆవిడంటే నాకు ప్రాణమని సరిగ్గా అప్పుడు తెలిసింది. ముహూర్తం చూడండి! ఆవిడ పొట్ట కొట్టిన రోజున. పిరికివాడికి ప్రేమ కూడా బస్సు వెళ్లిపోయాకే స్టాపుకి వస్తుంది.

మర్నాడు హార్బర్‌లో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనించి కట్టేసి ఉన్నాయి. మనుషులు రంగులు వేసుకుంటున్నారు, వలలు బాగుచేసుకుంటున్నారు. లుసీయా గారు కారు దిగారు. యాభై దాటిన పొట్టి మనిషి, మొరటు చేతులు. బోట్ల వరసని చూసి మొహం ముడుచుకుంది. నా వైపు తిరిగి పెద్ద వాక్యం ఒకటి వదిలింది. నాకు మళ్లీ ఏమీ అర్థం కాలేదు.

"ఏటంటందయ్యా?" ఎల్లారావు గారు చెవిలో గొణిగారు. "తుఫాను హెచ్చరికని సెప్పీ. బోట్లు నిన్నే ఒడ్డుకొచ్చీసాయని సెప్పీ."

చెప్పొచ్చు. ఆ వాక్యం నా పుస్తకంలో ఉంది. తుఫాను, పడవ, నిన్న, మూడూ పరీక్షకి వచ్చిన మాటలే. ఆవిడ నమ్మి తిరిగి వెళ్లిపోతుంది. సాయంత్రానికి నా ఉద్యోగం పర్మనెంట్, అనూరాధ ఇంటికి.

"నాకు అర్థం కాలేదు సార్," అన్నాను.

"ఏటీ?"

"ఇప్పుడూ కాలేదు. ఆ రోజు ఫోన్‌లోనూ కాలేదు. అడగడానికి సిగ్గేసి అవునన్నాను. అనూరాధ ఆ కాల్‌లో లేదు. నేనే బయటికి పంపాను. నిన్న మీరు ఆమెని అంటుంటే విని కూడా ఊరుకున్నాను."

నేను లుసీయా గారి వైపు తిరిగి అదే సంగతి స్పానిష్‌లో, మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాను. రెండేళ్ల చదువుకి అదే నా నిజమైన పరీక్ష అనిపించింది.

ఆవిడ ఈసారి చాలా నెమ్మదిగా, చెవిటివాడితో మాట్లాడినట్టు చెప్పింది. అందాకా ఆవిడ అడుగుతున్నది పడవల సంగతి కాదు. ఫోన్‌లో మాట్లాడే ఆ అమ్మాయి ఎక్కడ అని!

ఎల్లారావు గారు నన్నే పరిగెత్తించారు. అనూరాధ టోపీ కూడా తియ్యకుండా వచ్చింది. ఇద్దరూ వాటేసుకున్నారు. చేతులు తిప్పుకున్నారు, పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. ఆ మాటల వరదలో నాకు అందినవి మళ్లీ రెండో మూడో.

"వాళ్ల ఊళ్లోనూ ఇలాగే కొన్నాళ్లు వేట ఆపుతారంట సార్," అని అనూరాధ చెప్పింది, ఎల్లారావు గారి కళ్లలోకి సూటిగా చూస్తూ. "ఈయాల తాజా సరుకు సూపించుంటే, తరవాత నిషేదం సంగతి తెలిసాక దొంగ కంపెనీ అనుకుని మనతో కొనడం మానీసేదంట. జూన్‌లో మళ్లీ వొత్తాదంట."

ఎల్లారావు గారు చొక్కా కాలరు సర్దుకున్నారు. తుఫాను గురించి ఆయన ఇంకెప్పుడూ ఎత్తలేదు.

నన్ను కోల్డ్ స్టోరేజీకి మార్చారు, ప్రొబేషన్ మళ్లీ మొదటి నుంచి. ఫోన్లు అనూరాధవి. న్యాయమే. స్వెట్టర్ వేసుకుని స్క్విడ్ పెట్టెలకి స్టిక్కర్లు అంటించేవాడికి లోకాన్ని వెక్కిరించే తీరిక తగ్గుతుంది.

ఆదివారం పొద్దున్నే జాలారిపేటలో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ గంగాలమ్మ గారు గుమ్మంలో ఎండుచేపలు తిరగేస్తున్నారు. అనూరాధ తల తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏటిలాగొచ్చావు?"

దారిపొడుగునా స్పానిష్‌లో నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను. అవి గాలికి పోయాయి.

"మీరంటే నాకిష్టం," అన్నాను. "క్షమించమని అడగను. ఇష్టమని చెప్పడానికే వచ్చాను."

"ఒక్క రోజు నిజం సెప్పీసి బహుమతి కోసం వొచ్చీసాడు సూడమ్మా," అంది వాళ్లమ్మతో. కానీ తుడుచుకోవడం ఆపేసింది.

గంగాలమ్మ గారు నన్ను, బుట్టలో చేపని చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూశారు. "బాబూ, మీ అయ్యకి సెప్పావా? నీ స్పానిషు ఉజ్జోగం పోయిందని?"

"లేదండీ."

"మీ అయ్యకి సెప్పలేనోడివి, నా గుమ్మంలో ఏటి సెప్తావు? ఎల్లు. ముందక్కడ సెప్పుకునిరా."

తలదించుకుని వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేసేలోగా వెనక చెప్పుల చప్పుడైంది.

"ఆగు. నానూ వొత్తాను. బస్సులో మనసు మార్చీసుకుని 'సీ' అనీసినా అనీగలవు నువ్వు. నీ మీద నాకు నమ్మకం లేదు."

"ఎల్లు, ఎల్లు, పొద్దుగూకేలోగా వొచ్చీయి," అన్నారు గంగాలమ్మ గారు, చేపల మీంచి తల ఎత్తకుండా.

ఉక్కునగరం దాకా గంటకి పైగా ప్రయాణం. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, నా చొక్కా రంగు దగ్గర్నుంచి నా నడక దాకా అన్నింటినీ వెక్కిరించింది. నాకు ఒక్కటీ తిప్పికొట్టాలనిపించలేదు. ఈ కళలో నన్ను మించినవాళ్లు ఉన్నారని ఒప్పుకోవడం అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

నాన్న తలుపు తీశారు. చేతిలో పేపరు. నన్ను చూసి, నా వెనక ఉన్న అమ్మాయిని చూసి, కళ్లద్దాలు పైకి నెట్టుకున్నారు.

గుమ్మంలోనే చెప్పేశాను.

"నాన్నా, నాకు స్పానిష్ సరిగ్గా రాదు. నన్ను ఆ పనిలోంచి తీసేశారు. ఈవిడకి వచ్చు. పేరు అనూరాధ. ఈవిణ్ణి పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను."

నాన్న ఆవిడ వైపు తిరిగారు.

"ఈయన అనుకుంటన్నాడంతే అండీ," అంది అనూరాధ. "నానింకా ఏటీ సెప్పలేదు."

అంటూనే చెప్పులు విప్పి, నాకంటే ముందు లోపలికి నడిచింది.