ఇంకాస్త గట్టిగా

అబాన్‌సో కోట దగ్గర పొద్దుగూకాక ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఆలస్యంగా ఒడ్డుకొచ్చే పడవవాళ్ళు కూడా ఆ గోడల నీడలోకి రాగానే పాట ఆపేసి, నోళ్ళు మూసుకుని తెడ్లేస్తారు. ఎందుకంటే... అక్కడ ఏం మాట్లాడినా ఎవరో వింటారట. విని ఊరుకోరట.

తెల్లవాళ్ళు కట్టిన కోట అది. మనుషుల్ని బానిసలుగా కొని, కింది గదిలో కుక్కి, ఓడ వచ్చేదాకా ఉంచేవాళ్ళు. ఓడలు పోయాక కొన్నాళ్ళు జైలు, కొన్నాళ్ళు పోస్టాఫీసు, ఆ తర్వాత గబ్బిలాల పాలు. ఇప్పుడు బాగుచేశారు. టికెట్టు కొంటే పైన ఫిరంగులు చూడొచ్చు, గవర్నరు పడగ్గది చూడొచ్చు. కింది గదికి మాత్రం తాళం.

"మరమ్మతు జరుగుతోందండీ" అంటాడు గేటు దగ్గరి మనిషి. ఏళ్ళ తరబడి అదే మాట.

మరమ్మతూ లేదు, పాడూ లేదు. అసలు జరిగింది వేరు. ఆ రాత్రి అక్కడున్న ఫీఫీ నోట విన్నవాళ్ళు చెప్పుకునేది ఇది.

కోట పని చేయించడానికి రాజధాని అక్రా నుంచి వచ్చిన అధికారి పేరు ఎబో టాండో. పని రాక్షసుడు. నోరు మాత్రం మంచిది కాదు. వస్తూనే, గోడ వారన చేపలు పొగబెట్టుకునే ఆడవాళ్ళ మట్టిపొయ్యిలు కొట్టించేశాడు. చుట్టూ ఇనపకంచె వేయించాడు.

"మీ చేపల కంపుకి వచ్చిన టూరిస్టులు వచ్చినట్టే పారిపోతారు" అన్నాడు, వాళ్ళ మొహం మీదే.

అంతే, ఊరు ఊరంతా పగబట్టింది. అతనికి అద్దెకి గది ఇచ్చినవాడు లేడు. తినడానికి మొక్కజొన్నపిండి కెంకె కొనుక్కుందామని వెళితే, బుట్టనిండా పొట్లాలు కనిపిస్తూనే ఉండేవి, "అయిపోయింది" అనేవాళ్ళు. పొద్దున లేచి చూస్తే జీపు టైర్లలో గాలి ఉండేది కాదు. ఎబో పంతం పట్టి గవర్నరు పడగ్గదిలోనే మంచం వేసుకున్నాడు. ఈ కోట తెరిచి, జనం బారులు తీరితే తప్ప అక్రా మొహం చూడకూడదనుకున్నాడు.

అతని ఆశంతా కింది గది మీదే. అక్కడ బల్బు పెట్టొద్దన్నాడు. జనం చీకట్లోకి అడుగుపెట్టగానే నాలుగు మూలల నుంచీ ఏడుపులు వినపడాలి, ఒళ్ళు జలదరించాలి అన్నాడు. అందుకు గొంతులు కావాలని ఊళ్ళోవాళ్ళనే అడిగాడు.

పొయ్యి పోగొట్టుకున్న అడ్వోవా అనే ముసలామె నడుం మీద చేతులేసుకుని ముందుకొచ్చింది.

"ఏమడుగుతున్నావురా నువ్వు? ఏడవాలా మేము?"

"ఊరికే కాదవ్వా. కూలి ఇస్తాం."

"ఆ గదిలోకి పోయినవాళ్ళు మా ఇళ్ళలోంచి పోయినవాళ్ళేరా! వాళ్ళు ఏడ్చింది చాల్లేదా నీకు? మళ్ళీ ఏడిపిస్తావా, టికెట్టు పెట్టి?"

"వద్దంటే మానెయ్" అన్నాడు ఎబో. "అక్రాలో ఏడ్చేవాళ్ళకి కరువా?"

ఆమె అతని కాళ్ళ ముందు ఉమ్మేసి వెళ్ళిపోయింది.

అక్రాలో నాటకాలాడే కుర్రాళ్ళ చేత ఏడిపించి, రికార్డు చేయించాడు. తెల్లారితే ప్రారంభం, మంత్రిగారు వస్తున్నారు. ఆ సాయంత్రం స్పీకర్లు బిగించడానికి ఫీఫీ వచ్చాడు. ఇలాంటి పనుల్లో ఎప్పుడూ ఎబో వెంట తిరిగే మెకానిక్కు అతను. పని అయ్యేసరికి బాగా రాత్రయింది. సముద్రం పోటు మీదుంది. గోడకి అల కొట్టుకున్నప్పుడల్లా రాయి లోపల్నించి అదురుతోంది.

"అన్నా, నువ్వు కిందికెళ్ళి నిలబడు" అన్నాడు ఫీఫీ. "నేను పైన జనరేటర్ వేసి మొదలుపెడతా. చాలకపోతే అరిచి చెప్పు."

ఎబో టార్చి వేసుకుని మెట్లు దిగాడు. తడి సున్నం వాసన... దాని వెనక ఇంకేదో, ఎంత కడిగించినా పోని వాసన. గది మధ్యలో నిలబడి టార్చి ఆర్పేశాడు. టూరిస్టులు ఎలా వింటారో అలాగే వినాలి కదా!

చీకటి... కళ్ళు మూసినా తెరిచినా ఒకటే.

కొంతసేపు నిలబడ్డాడు. పైనుంచి ఏదో కేక వినపడినట్టయింది. అలల హోరులో మాట తెలియలేదు. మొదలుపెట్టబోతున్నాడు కాబోలు అనుకున్నాడు. అలా ఎదురుచూస్తూ ఆ చీకట్లో ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు.

అప్పుడు... దూరపు గోడ దగ్గర ఒక వెక్కు.

ఇంకొకటి, ఎడంపక్క. తర్వాత ఎవరో మూలిగారు. నెమ్మదిగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నట్టు.

ఎబోకి ఒళ్ళు మండింది. "ఛ! ఇదేం ఏడుపు? మంత్రి ముందు పరువు పోదూ? ఫీఫీ! ఇంకాస్త గట్టిగా!"

ఒక్క క్షణం అంతా ఆగింది.

మళ్ళీ మొదలైంది, గట్టిగా.

"అదీ! ఇంకా పెంచు! గుమ్మం దగ్గరున్నవాళ్ళకి కూడా వినపడాలి!"

పెరిగింది. పది గొంతులు వంద గొంతులయ్యాయి. ఎవరో నేలకి తల బాదుకుంటున్నారు. ఎవరో ఒకే పేరు పదే పదే పిలుస్తున్నారు. ఎబో చేతుల మీద వెంట్రుకలు లేచాయి. భయంతో కాదు, సంబరంతో. ఆ కుర్రాళ్ళు ఇంత బాగా ఏడుస్తారని అతను అనుకోలేదు.

అంతలో కాళ్ళ దగ్గర్నించి, నేల మీంచి, పసిబిడ్డ ఏడుపు.

'పిల్లని కూడా తెచ్చారే!' అనుకున్నాడు. 'భలేవాళ్ళు!'

"బిడ్డ గొంతు బాగుంది ఫీఫీ! అది పెంచు!"

బిడ్డ గుక్కపట్టింది. ఎవరో గిల్లితే ఏడ్చినట్టు... కాదు, ఎవరో బలవంతాన లాక్కుంటే ఏడ్చినట్టు. ఆ అరుపుకి ఎబో చెవులు మూసుకున్నాడు. మూసుకున్నా తగ్గలేదు.

"చాలు! ఆపెయ్! ఆపమంటున్నానా!"

ఆగలేదు. చెంపకి వెచ్చగా ఊపిరి తగిలింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన ఆడగొంతు, చెవి పక్కనే...

"ఇంకెంత గట్టిగా... అయ్యా?"

టార్చి ఎక్కడ పడిందో తెలియదు. తడుముకుంటూ, మోకాళ్ళు చెక్కుకుపోతుంటే మెట్లెక్కి బయటపడ్డాడు. ముందు వచ్చింది కోపమే. ఈ ఫీఫీగాడు తమాషా చేస్తున్నాడు... లేకపోతే ఆ ముసలిది లోపలికి దూరింది. దొరికితే పోలీసులకి పట్టిస్తాను.

పైన ఫీఫీ లేడు.

గేటు కిర్రుమంది. చేతిలో డబ్బా పట్టుకుని, రొప్పుతూ లోపలికొస్తున్నాడు ఫీఫీ.

"తిట్టకన్నా. జనరేటర్లో చుక్క పెట్రోలు లేదు, ఎవరో దొంగ వెధవలు పీల్చేశారు. అరిచి చెప్పా కదా, వినపడలేదా? ఊళ్ళో బంకువాడు కోటకి అనగానే పొయ్యనన్నాడు. పక్కూరి దాకా పోయొచ్చా..." డబ్బా కింద పెట్టాడు. "ఇక మొదలెడదామా?"

ఎబో జనరేటర్ మీద చెయ్యి వేశాడు. మంచులా ఉంది.

"ఏంటన్నా అలా..." అని ఆగిపోయాడు ఫీఫీ. తల మెట్ల వైపు తిప్పాడు. అతని మొహంలో రంగు మారింది.

"కింద... ఎవరది, అన్నా?"

గొంతులు మెట్లెక్కుతున్నాయి.

ఇద్దరూ కలిసి ఆ బరువైన తలుపు లాగి మూశారు. ఫీఫీ తాళం తిప్పాడు. ఠక్కున అంతా ఆగిపోయింది. అలలు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఎబో తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాడు.

అవతలి వైపు కూడా ఎవరో అలాగే ఆనుకుని కూర్చున్నారు. చెక్కలోంచి అతని వెన్నుకి సన్నటి అదురు తెలుస్తోంది. ఆగి, ఆగి... మెత్తగా... బిడ్డని జోకొడుతున్నట్టు.