చెల్లెలి కార్డు

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే కాలేజీలో, ఒకే హాస్టల్ గదిలో ఉండేవాళ్ళు. అక్క ఓ ఏడాది ముందు చేరింది. చెల్లెలు వచ్చేదాకా అంతా బాగానే ఉండేది.

అక్క ప్రాజెక్టు లైట్‌హౌస్ కాపలాదారుల కుటుంబాల గురించి. లైబ్రరీ కంప్యూటర్లో ఆమె ఏ మాట కొట్టినా కరెంటు దీపాల మీద పుస్తకాలో, ఇళ్ళ ప్లాన్లో వేలకు వేలు వచ్చిపడేవి. ఇంకో మాట చేరిస్తే ఒక్కటీ వచ్చేది కాదు. చెల్లెలు మాత్రం అలా వెళ్ళి ఇలా వచ్చేది, చంకలో సరిగ్గా కావలసిన పుస్తకాలతో. "మీ చెల్లిని అడగకూడదూ?" అని లెక్చరర్ అందరి ముందూ అన్నరోజు, అక్కకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

"ఎలా దొరుకుతాయే నీకు?" లేని నవ్వు తెచ్చిపెట్టుకుని అడిగింది.

"నేనేం వెతకనక్కా. లైబ్రరీలో మెట్ల కింది గదిలో పాత కంప్యూటర్ ఉంది చూడు, నా కార్డు నంబరు కొడితే అదే చూపిస్తుంది. నువ్వు మాత్రం వెళ్ళకు. దానికి... కొత్తవాళ్ళు నచ్చరు."

నచ్చరట! నేను పనికిరాననేగా దీని ఉద్దేశం, అనుకుని పళ్ళు కొరుక్కుంది అక్క.

మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టింది. చెల్లెలు కునుకు తీస్తుంటే, అక్క ఆమె బ్యాగులోంచి కార్డు తీసుకుని వెళ్ళింది.

మెట్ల కింది గదిలో తడిసిన కాగితాల వాసన. దాని అడుగున, ఎవరిదో మాసిన తలనూనె వాసన. వాన చప్పుడు కూడా అక్కడిదాకా రావడం లేదు. నంబరు కొట్టి, 'కాపలాదారు భార్య' అని రాసింది. ఒకే ఒక్క పుస్తకం చూపించింది. వెళ్ళి చూస్తే, అరలోంచి అది అప్పటికే సగం బయటికి లాగి ఉంది. అట్ట గోరువెచ్చగా తగిలింది, అప్పటిదాకా ఎవరో ఒళ్ళో పెట్టుకున్నట్టు.

సంబరంగా తిరిగొచ్చి కూర్చుంది. తెర మీద అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి.

నువ్వు ఆమె కాదు.

లేచి పరిగెత్తాల్సింది. కానీ దీన్ని కూడా చెల్లెలికే వదిలేసి పోవాలా? కడుపుమంట కదలనివ్వలేదు.

'ఆమె ఇక రాదు. ఇకనుంచి నేనే' అని కొట్టింది.

అయితే ఆమెను తీసెయ్యనా?

కింద రెండు మాటలు. అవును. కాదు.

కార్డు రద్దు చేస్తుంది కాబోలు, అంతేగా... అని తనకు తానే సర్దిచెప్పుకుంది. లెక్చరర్ మాట చెవుల్లో గింగిరాలెత్తింది.

అవును.

మెడ వెనక ఎవరో... తృప్తిగా... ఊపిరి వదిలారు.

అక్క హాస్టల్ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. గదికొచ్చేసరికి చీకటి పడుతోంది. చెల్లెలు దీపం వెయ్యకుండా మంచం మీద ముడుచుకుని కూర్చుంది. అక్క రొప్పుతూ ఎదురు మంచం మీద కూలబడింది.

"అక్కా... అమ్మకి ఫోన్ చేశాను. 'ఎవరమ్మా నువ్వు? నాకు ఒక్కతే కూతురు' అంది."

"ఆటపట్టించి ఉంటుందే..."

"వార్డెన్ కూడా ఎవరి కోసం వచ్చావని అడిగింది. పేరు చెబుదామంటే... రాలేదక్కా. నువ్వు చెప్పవూ? నా పేరేంటి?"

అక్క నోరు తెరిచింది. ఊహ తెలిసినప్పటినుంచీ పిలుస్తున్న పేరు. నాలుక చివరిదాకా వెతుక్కుంది. ఒక్క అక్షరం... ఒక్కటంటే ఒక్కటైనా...

లేదు.

"తప్పు చేశానే," అంది ఏడుస్తూ. "నీమీద ఏడ్చి ఏడ్చి, నిన్ను..."

"ఊరుకో అక్కా." చెల్లెలు తల కొంచెం వంచి, అక్క భుజం మీదుగా చూస్తూ గుసగుసగా అంది. "నీ వెనకాల కూర్చుందే... ఆవిడకి గుర్తుందట."

అక్క తిరిగి చూడలేదు.

ఆమె కూర్చున్న మంచం మాత్రం... మెల్లగా... వెనకవైపుకి కుంగింది.