ఒక బండి పట్టేంత చోటు

సాయంత్రం ఐదున్నర. వంతెన దిగే చోట బళ్ళన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడిపోయాయి. హారన్ కొడితే ముందు బండి ఆవిరైపోతుందని ఎవరు నేర్పారో గానీ, అందరూ కొడుతూనే ఉన్నారు. పొగ, కాలిన క్లచ్చు వాసన. నీలం కారులో లెక్కల మాస్టారు చెమటలు కక్కుతున్నారు.

ఫోనులో అక్క. "ఎక్కడున్నావురా? ఆరింటికి నాన్నని ఆపరేషన్‌కి తీసుకెళ్తారట. ఆపైన ఏ సంగతీ చెప్పలేమన్నారు. నిన్నొకసారి చూడాలంటున్నాడు."

"వంతెన దగ్గరే. కదలడం లేదే."

"పిల్లలకి కాలం, దూరం లెక్కలు చెప్తావుగా. నీది నువ్వు చేసుకోలేవూ?"

మాస్టారికి ఒక కిటుకు తెలుసు. అంబులెన్సు వస్తే దారిచ్చి, మరొకడు దూరేలోగా దాని వెనక అతుక్కుపోవడం. స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకునేవారు కూడా. పోయిన నెల ఇక్కడే అలా అతుక్కున్నారు. పక్కసందులోకి మళ్ళాలంటే అంబులెన్సు కాస్త వెనక్కి రావాలి. వెనక్కి వస్తున్నానంటూ దాని తెల్లలైట్లు వెలిగాయి. అందులోంచి ఒక ముసలావిడ దిగొచ్చి ఈయన అద్దం తట్టింది. "నాయనా, ఒక బండి పట్టేంత చోటు..."

"నా వెనకున్నవాళ్ళకి చెప్పండి," అని మాస్టారు అద్దం ఎత్తేసుకున్నారు.

కాసేపటికి సైరన్ ఆగిపోయింది. అమ్మయ్య, చెవులకి సుఖం అనుకున్నారు. ఎందుకాగిందో ఆలోచించలేదు.

ఇవాళా ఒక అంబులెన్సు వచ్చింది. సైరన్ లేదు. అయినా బళ్ళు పక్కకి జరుగుతున్నాయి, నడిపేవాళ్ళు దానివైపు తల తిప్పకుండానే. మాస్టారు అతుక్కున్నారు. నాలుగు నిమిషాల్లో సందు మొదటికి వచ్చేశారు. అక్కడ అది ఆగింది.

తెల్లలైట్లు వెలిగాయి.

హారన్ల మోత ఎటు పోయిందో పోయింది. అద్దాలు మూసే ఉన్నాయి... అయినా కారు నిండా ఆసుపత్రి వాసన. అంబులెన్సు వెనక అద్దానికి లోపల్నించి ఒక చెయ్యి ఆనింది. సూది గుచ్చి, ప్లాస్టరు అంటించిన చెయ్యి. చూపుడువేలు సగమే ఉంది.

మాస్టారి నాన్న వడ్రంగి. ఆ సగం వేలు రంపం కింద పోయింది.

వెనక్కి... వెనక్కి... అని ఆ చెయ్యి ఊగుతోంది.

మాస్టారు రివర్సు గేరు వేశారు. వెనక ఇంకో కారు బంపరుకి ఆనుకుని ఉంది. దిగి పరుగెత్తారు. అద్దం తట్టారు. "బాబ్బాబు, ఒక బండి పట్టేంత చోటు... మా నాన్న..."

అద్దం రెండంగుళాలు దిగింది. లోపల చీకటి.

"నా వెనకున్నవాళ్ళకి చెప్పండి."

మాస్టారి గొంతే.

కారు కూడా నీలమే. నంబరు చూసే ధైర్యం చాల్లేదు. ఫోను మోగింది.

"ఆపరేషన్ దాకా రాలేదురా..." అక్క గుసగుస. "చివరిదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. వెనక్కి, వెనక్కి అని. మంచం దగ్గరున్నవాళ్ళమంతా జరిగాం. ఇంకా ఊపాడు. ఎవర్నిరా?"

తల తిప్పి చూస్తే సందు మొదట అంబులెన్సు లేదు, ఖాళీ.

మాస్టారు కారు అమ్మేశారు. ఇప్పుడు బస్సులోనే వెళ్తున్నారు. వెనక అద్దం పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోరు. ముందువైపే, కమ్మీ పట్టుకుని నిలబడతారు. మొన్న కండక్టరు టికెట్టు చింపుతూ నవ్వాడు.

"మాస్టారూ, ఆ నీలం కారు మీవాళ్ళదా? మీరెక్కిన రోజే వస్తుంది, వంతెన దగ్గర మన బస్సుకి అతుక్కుంటుంది. వెనక్కి పొమ్మంటే పోడు. ఎవరండీ బాబూ ఆయన?"